ఒక్క కూతంత సేపు

పోయిన వారం మా వేంపల్లె బడికి ఆటసామాను పెట్టె వచ్చింది. పిల్లలే దాన్ని మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టి, నేను కత్తెర వెతికేలోగా గోళ్ళతోనే అట్ట చించేశారు. లోపల మూడు వాలీబాల్ బంతులు, మడత విప్పని తెల్లటి వల, గాలి కొట్టే పంపు, ఒక స్టాప్‌వాచ్, ఎర్రదారానికి కట్టిన ఈల ఉన్నాయి. ఏడో తరగతి పిల్ల ఒకతి ఈలను నా చేతిలో పెట్టి, "ఊదండి టీచర్, ఎట్ల మోగుతాదో సూద్దాం" అంది. నోటి దగ్గర పెట్టుకున్నాను. గట్టిగా ఊపిరి తీసుకున్నాను. తీసుకున్న ఊపిరిని ఈలలోకి వదలలేక, మెల్లగా ముక్కుతోనే వదిలేసి, ఈలను సొరుగులో వేసి తాళం పెట్టాను. "టీచరుకు ఊదేకి రాదు" అని ఆ పిల్ల వరండా అంతా చాటింది. ఖండించాలనిపించలేదు. ఒకప్పుడైతే ఇంత చిన్న మాటను కూడా ఖండించకుండా వదిలేదాన్ని కాదు.

ఈల లేకుండా వాలీబాల్ నేర్పిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆయన మా నాన్న తమ్ముడు. మా వైపు చిన్నాయన అంటాం. కోయిలకుంట్లకు కాస్త దూరంలో ఉన్న మా ఊరు నాపరాళ్ళ ఊరు. ఇంటి గోడ బండ, చేని కంచె బండ, చర్చిలో ఆరాధనకు కూర్చునే బల్ల బండ, చనిపోయిన వాళ్ళ తలవైపు నిలబెట్టేది కూడా బండే. చిన్నాయన ఆ బండలకు మెరుగుపెట్టే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పొద్దున ఆరింటికి పోయి రెండు దాటాక ఇంటికి వచ్చేసరికి కనుబొమలు, మీసాలు, చెవుల అంచులు తెల్లబడి ఉండేవి. మా జేజి వాకిట్లో కూర్చుని, "నా కడుపున ముందు పుట్టినోడి కంటే ఎనక పుట్టినోడే ముసిలోడయినాడు" అని ప్రతిరోజూ అదే మాట అనేది. ప్రతిరోజూ ఆయన అదే నవ్వు నవ్వేవాడు. కుళాయి కింద తల పెట్టి కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని, అద్దం లేకుండానే పాపిట తీసుకుని, చర్చి వెనక ఉన్న మిషన్ బడికి నడిచేవాడు. ఆ బడికి వ్యాయామం నేర్పే ఉపాధ్యాయుడు లేడు. చివరి గంటలో పిల్లలు గోడలెక్కి పడుతున్నారని విసిగిపోయిన పెద్ద టీచరమ్మ, వయసులో ఉన్నప్పుడు మా ఊరి జట్టుకు బంతి ఎత్తి ఇచ్చే లిఫ్టరుగా పేరున్న చిన్నాయనను రమ్మంది. జీతం మాట ఆమె ఎత్తలేదు, ఆయనా అడగలేదు.

పిల్లలు ఆయన్ను డ్రిల్లు సార్ అనేవారు. ఫ్యాక్టరీలో ఆయనకు పేరు కూడా ఉండేది కాదు. ఆయన నిలబడే యంత్రాన్ని బట్టి, "ఏయ్, మూడో మిషను" అని పిలిచేవారు. ఇరవై ఏళ్ళుగా మూడో మిషను అయిన మనిషి రోజుకు ఒక గంట సార్ అయ్యేవాడు. "ఆ గంట కోసరం తక్కిన ఇరవైమూడు గంటలు ఓర్చుకుంటాండాడు పాపా మీ చిన్నాయన" అని చిన్నమ్మ ఒకసారి నాతో అంది. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ గంట ఆయన చేతిలోంచి ఎట్లా జారిపోయిందో చెప్పాలి. జారిపోవడంలో నా చెయ్యి ఉంది కనుక, ఏదీ దాచకుండా చెప్పవలసినదాన్ని నేనే.

అప్పటికి నేను కర్నూలులో డిగ్రీ ముగించి ఇంటికి వచ్చాను. కళాశాలలో మూడేళ్ళు వక్తృత్వ పోటీలలో, వాదోపవాదాలలో తిరిగాను. ఆ పోటీలలో ప్రతి మాటకూ ఆధారం అడుగుతారు, ప్రతి మనిషికీ సమానంగా సమయం ఇస్తారు, సమయం మించితే గంట కొట్టి కూర్చోబెడతారు. లోకంలోని అన్యాయమంతా ఎక్కడో ఎవరో సరిగా గంట కొట్టకపోవడం వల్లే జరుగుతోందని నేను నిజంగానే నమ్మాను. చివరి ఏడాది సమయపాలకురాలిగా ఉన్నందుకు మా అధ్యాపకుడు బహుమతిగా ఇచ్చిన స్టాప్‌వాచ్‌ను మెడలో వేసుకుని ఇంట్లో కూడా తిరిగేదాన్ని. "ఈ పిల్లతో మాటకు మాట పెట్టుకుంటే సంగటి సల్లారిపోతాది" అని జేజి నా పక్కన కంచం పెట్టుకోవడం మానేసింది. బీఎడ్ సీటు వచ్చేదాకా ఖాళీగా ఎందుకని అదే మిషన్ బడిలో ఆరు, ఏడు తరగతులకు సాంఘికశాస్త్రం చెప్పడానికి చేరాను. అట్లా చివరి గంటలో ఆటస్థలం గట్టు మీద కూర్చుని చిన్నాయన తరగతిని చూసే అవకాశం కలిగింది.

అది వాలీబాల్ తరగతి అని చెబితేనే తెలిసేది. ఉల్లిగడ్డల సంచులు విప్పి కుట్టిన ఎర్రటి వలను చర్చి గంట స్తంభానికీ, బడి కిటికీ చువ్వకూ కట్టేవాడు. ఎండ పడగానే దానిలోంచి పాత ఉల్లి వాసన లేచేది. వల దగ్గర నిలబడ్డవాళ్ళకు మొదటి వారమంతా కళ్ళవెంట నీళ్ళు కారాయి. అవి ఓడిపోయినందుకు వచ్చినవి కావని వాళ్ళు అందరికీ విడివిడిగా చెప్పుకోవలసి వచ్చింది. బడికంతా కలిపి అసలు బంతి ఒకటే ఉండేది. తక్కినవి చీరలు నేసే ఇళ్ళలో తెగిపోయి మిగిలిన నూలు పోగులను ఉండలు చుట్టి చేసినవి. వాటిలో ఒకదాన్ని పెద్ద టీచరమ్మ మేక తినేసింది. రెండు రోజులు ఆ మేకను పిల్లలు జట్టులో సభ్యురాలిగా లెక్కపెట్టారు.

ఆయన పిల్లలకు మొదట బంతి ఇవ్వలేదు. గాలిబుడగ ఇచ్చాడు. అది నిద్రపోతున్న చంటిపాప అనీ, నేలకు తగిలితే లేచి ఏడుస్తుందనీ, అందరూ కలిసి గాలిలోనే ఉంచాలనీ నియమం. ఎవరి చేతిలో నేలకు జారితే వాళ్ళు పాపలాగా ఏడ్వాలి. ఏడో తరగతి మొద్దబ్బాయిలు ఆ ఏడుపు ఏడవలేక వేళ్ళ కొనలతో బుడగను ఎంత మెత్తగా తోసేవారంటే, నెల తిరిగేసరికి వేళ్ళతో బంతిని పైకెత్తడం వాళ్ళకు తెలియకుండానే వచ్చేసింది. "నెత్తి మింద బిందె దించేటప్పుడు వేళ్ళెట్ల పెడతారు? అట్లనే" అనేవాడు ఆడపిల్లలతో. కింద నుంచి బంతి కొట్టడానికి వాకిట్లో కళ్ళాపి చల్లే ఊపు చూపించేవాడు. రెండు చేతులూ జోడించి మోచేతుల కింది భాగంతో బంతిని అందుకోవడం అన్నిటికన్నా కష్టం. పిల్లలు చేతులు ఊపి బంతిని కొడతారు, అది పోయి చర్చి కప్పు మీద పడుతుంది. ఆయన వాళ్ళ చేతులను తన చేతులతో పట్టుకుని సరిచేస్తూ, "ఇది చెయ్యి కాదు, బండ. బండ ఎవురినన్నా కొడతాదా? దాని పాటికి అది ఉంటాది. బంతే వచ్చి తగులుకొని పోతాది" అనేవాడు. ఆ ఊరి పిల్లలకు బండ ఎట్లా ఉంటుందో వేరే చెప్పనక్కర లేదు. చేతులు టక్కున నిశ్చలమయ్యేవి.

అన్నిటికన్నా పిల్లలు చచ్చేంత ఇష్టపడిన ఆట పేరు 'చేని రాళ్ళు'. వలకు అటొక జట్టు, ఇటొక జట్టు, చెరో ఏడెనిమిది నూలు బంతులు. నీ చేనిలో పడ్డ ప్రతి రాయినీ వల మీదుగా పక్క చేనిలోకి పంపాలి. ఆట ఆగేసరికి ఎవరి చేనిలో రాళ్ళు తక్కువ ఉంటే వాళ్ళు గెలిచినట్టు. మొదటిసారి చూసినప్పుడే నేను గట్టు దిగి వెళ్ళి, మన రాళ్ళు పక్కవాడి చేనిలో పారేయడం పిల్లలకు ఏం నీతి నేర్పుతుందని అడిగాను. చిన్నాయన కాసేపు నిజంగానే ఆలోచించాడు. "పక్కోడు ఊరికే ఉంటాడా పాపా? తిరిగి నీ నెత్తినే ఏస్తాడు. సూస్తాండు, అదే నీతి" అన్నాడు. అంతలో ఎవరో విసిరిన నూలుబంతి నా వీపు మీద పడింది. పిల్లలు నవ్వి నవ్వి నేల మీద పొర్లారు.

ఆ ఆట ఎంతసేపు జరగాలనేది కూతను బట్టి ఉండేది. చెడుగుడు ఆడేవాడు ఎదుటి గీత దాటి వెళ్ళేటప్పుడు ఊపిరి తెగకుండా పెట్టే కూత అది. చిన్నాయన ఒక చేత్తో గంట స్తంభాన్ని పట్టుకుని, కళ్ళు మూసుకుని, నిండుగా ఊపిరి తీసుకుని, "గుడుగుడుగుడుగుడు" అని మొదలుపెట్టేవాడు. కూత ఉన్నంతసేపూ ఆట. ఊపిరి తెగిందంటే ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా నిలబడాలి. ఈల కొనుక్కోవచ్చు కదా అని అడిగితే, "ఈలకు కుక్కలొస్తాయి, పిల్లోళ్ళు రారు" అన్నాడు. నవ్వాను. ఈల ఊదాలంటే ఒక్కసారిగా కావలసినంత గాలి ఆయన దగ్గర అప్పటికే లేదని, కూతనైతే చిన్నగా దాచి దాచి వాడుకోవచ్చని నాకు చాలా తర్వాత అర్థమైంది. మొదటిరోజు అలవాటు కొద్దీ స్టాప్‌వాచ్ నొక్కాను. ముప్పై ఎనిమిది సెకండ్లు వచ్చింది. నోట్‌బుక్ చివరి పుటలో రాసుకున్నాను. ఎందుకు రాశానో తెలియదు. అప్పట్లో నేను అన్నీ రాసేదాన్ని.

ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. గొంతు ఎంత పెద్దదంటే, ఆ పిల్ల హాజరు పలికితే పక్క గదిలో ఐదో తరగతివాళ్ళు ఉలిక్కిపడేవారు. అందరూ గొంతుపిల్ల అనేవారు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ బండల ఫ్యాక్టరీలోనే పని. వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక సాయంత్రం ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "టీచర్, సార్ మోసం చేస్తాండాడు."

"ఏం మోసం?"

"మేం గెలిచేటప్పుడు టక్కున కూత ఇడిసిపెడతాడు. మొన్న శానాసేపు ఆడినాం, ఇప్పుడు ఇంతే. ఆ పక్కోళ్ళంటే సార్‌కు ముద్దు. నువ్వే గదా చెప్పినావు, రూలు అందరికీ ఒగటే ఉండాలని?"

నా మాటను నాకే అప్పజెప్పిన పిల్ల ముందు నేను వెనక్కి తగ్గలేకపోయాను. రెండు వారాలు గట్టు మీద కూర్చుని ఎవరికీ చెప్పకుండా ప్రతి కూతనూ కొలిచాను. ముప్పై లోపు వచ్చింది, ఇరవై ఐదుకు దిగింది, ఒకనాడు ఇరవై కూడా లేదు. అంకెలన్నీ ఒకే వైపు దిగుతున్నాయి. మా అధ్యాపకుడైతే, ఈ అంకెలకు ఇంకో వివరణ ఉందా అని అడిగి ఉండేవాడు. నేను ఆ ప్రశ్న వేసుకోలేదు. ఆయన చొక్కా భుజాల దగ్గర వదులవడం చూశాను, గంట స్తంభాన్ని ఒక చేత్తో కాక రెండు చేతులతో పట్టుకోవడం చూశాను, రాత్రంతా దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడని చిన్నమ్మ అనడమూ విన్నాను. కానీ నేను నిరూపించదలచుకున్నది వేరు. దానికి పనికిరానివి నా నోట్‌బుక్‌లోకి ఎక్కలేదు.

పిల్లలందరూ ఉన్నప్పుడే లేచి నిలబడ్డాను. పెద్దల తప్పును పెద్దల చాటున మాట్లాడుకోవడమే అన్యాయానికి మూలమని అప్పట్లో నా సిద్ధాంతం. తేదీల వారీగా అంకెలు చదివి, "నియమం అందరికీ ఒకటేనా, కాదా చిన్నాయనా?" అని అడిగాను. ఆయన నోట్‌బుక్ వైపు చూశాడు. నా వైపు చూశాడు. తర్వాత పిల్లల వైపు చూశాడు. ఆ చూపులో ఆయన ఏం తూచుకున్నాడో ఇప్పుడు నాకు తెలుసు. మోసగాడు అనిపించుకుంటే మరునాడు కూడా ఆటస్థలానికి రావచ్చు. రోగి అనిపించుకుంటే రాకూడదు.

"అవునమ్మా, తప్పు చేసినా" అన్నాడు. "ఆ పక్క పిల్లోళ్ళు ఓడిపోతాంటే మనసొప్పలేదు."

"సూస్తిరా! నేను చెప్పలే!" అని గొంతుపిల్ల ఎగిరింది. పిల్లలు ఓ అని అరిచారు. నేను సుద్దముక్క తీసుకుని గోడ బండ మీద పెద్ద అక్షరాలతో రాశాను: ప్రతి ఆటా మొదటిరోజు కూతంత ఉండాలి. 38. కావాలంటే కూత మానేసి స్టాప్‌వాచ్ పెట్టుకుందామని కూడా అన్నాను. పిల్లలు ఒప్పుకోలేదు. ఆయనా ఒప్పుకోలేదు. "కూత ల్యాకుంటే అది ఆటెట్లయితాది? నేనే పెడతా. లాయరమ్మ సరిసూసుకుంటాది" అని నవ్వాడు. ఆ పూట ఇంటికి గెలిచిన మనిషిలా నడిచివెళ్ళాను.

మరునాడు ఎండ కాస్త తగ్గాక ఆట మొదలైంది. ఆయన స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "గుడుగుడుగుడు" మొదలైంది. నేను గడియారం నొక్కాను. ఇరవై దాటింది. గొంతు సన్నబడింది. పిల్లలు ఎప్పుడూ లేనంత ఉత్సాహంతో ఆడుతున్నారు. ఇరవై ఎనిమిది. ఆయన మెడ నరాలు తాడులా లేచాయి, కళ్ళు మాత్రం తెరిచి గోడ మీది అంకెనే చూస్తున్నాయి. ఆపమని నేను అనవచ్చు. అనలేదు. నియమం పాటింపబడుతున్నప్పుడు కలిగే ఒక నిశ్శబ్దమైన తృప్తి ఉంటుంది, అందులో ఉన్నాను. ముప్పై మూడు దగ్గర కూత తెగి దగ్గు అయింది. పిల్లలు కూత తెగినప్పుడు చేయవలసినదే చేశారు. ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా నిలబడ్డారు. ఆయన మోకాళ్ళ మీద కూలిపోయి, దగ్గి దగ్గి, చేతికందిన ఒక తెల్లటి నూలుబంతిని నోటికి అదుముకున్నాడు. ముప్పైమంది పిల్లలు, ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచి, కదలకుండా చూస్తున్నారు. మళ్ళీ కదలమని వాళ్ళకు చెప్పేది ఎప్పుడూ ఆయనే. చివరికి గొంతుపిల్ల నియమం తప్పి పరుగెత్తుకొచ్చింది. ఆయన చేతిలోంచి జారిన బంతి తెల్లగా లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు ఎవరినీ వెళ్ళిపోవద్దన్నారు. పిల్లల తల్లిదండ్రులు మాట్లాడాలని పట్టుబట్టారట. "ఆయప్పకు క్షయ ఉండాదంట. మా పిల్లోళ్ళకు అంటుకుంటే ఎవరప్పా దిక్కు?" అని గొంతుపిల్ల తండ్రి లేచాడు. ఆ మాట అంటూనే ఆయనా రెండుసార్లు దగ్గాడు. చిన్నాయన ఆఖరి బండ మీద, ద్వారం పక్కన కూర్చుని ఉన్నాడు. నేను నోట్‌బుక్‌తో ముందుకు వెళ్ళాను. సత్యాన్ని వరుసలో పెట్టి చూపిస్తే మనుషులు సరైన నిర్ణయానికి తప్పక వస్తారని నా నమ్మకం. ఈ ఊపిరి ఇన్ని నెలల్లో ఇంతగా తగ్గిందని అంకెలు చదివి, ఇది రాతి దుమ్ము వల్లే అయి ఉండాలనీ, ఫ్యాక్టరీవాళ్ళు ఆయనకు వైద్యం చేయించాలనీ, యంత్రాల దగ్గర నీళ్ళు చల్లకుండా, ముఖానికి కట్టుకోవడానికి ఏమీ ఇవ్వకుండా మనుషులను నిలబెట్టడం ఎంతవరకు న్యాయమనీ చెప్పబోయాను. మొదటి వాక్యం దాటి ఎవరూ వినలేదు.

"ఇన్ని నెలల్నుంచీనా! ఇన్ని నెలలూ మా పిల్లోళ్ళ మొగాన దగ్గుతాండాడా?" అని ఒక తల్లి ఏడ్చింది.

"సొంత అన్న కూతురే లెక్కలేసి మరీ చెప్తాండాది గదా, ఇంగేం గావాల?" అన్నాడు ఇంకొకాయన.

పెద్ద టీచరమ్మ తల వంచుకుని, కొన్నాళ్ళు ఆటస్థలానికి రావద్దని చెప్పింది. చిన్నాయన లేచాడు. "సరేలేప్పా. పిల్లోళ్ళ బతుకు ముందు" అన్నాడు. ద్వారం దాకా వెళ్ళి, ఒక చెయ్యి చట్రానికి ఆనించి, గొంతుపిల్ల తండ్రి వైపు తిరిగాడు. "నీకూ ఉండాదే దగ్గు. పోయి సూపిచ్చుకో" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే కాబోలు, ఆ మనిషి తల దించుకున్నాడు.

కర్నూలు తీసుకువెళ్ళాం. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూసి, ఊపిరితిత్తులలో పేరుకున్నది రాతి దుమ్మనీ, పోయిన భాగం తిరిగి రాదనీ చెప్పాడు. ఎంత కాలం బతుకుతానని చిన్నాయన అడగలేదు. "పిల్లోళ్ళకు అంటదు గదా సార్?" అని అడిగాడు. అంటదని డాక్టరు రాసి ఇచ్చాడు. బస్టాండు దాకా ఆ కాగితాన్ని జేబులో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని నడిచాడు. దారిలో నాలుగుచోట్ల కూర్చోవలసి వచ్చింది, కూర్చున్న ప్రతిచోటా నవ్వాడు. నేను ఆ కాగితాన్ని బడిలో చదివాను, మళ్ళీ ఆదివారం చర్చిలో చదివాను. ఒక్కరూ ఎదురు వాదించలేదు. "నిజమేలేమ్మా. అయినా ఎందుకైనా మంచిది" అన్నారు. మూడేళ్ళ పోటీలలో నేను ఎదుర్కొన్న ఏ వాదనకూ ఆ మాటకున్నంత బలం లేదు. ఫ్యాక్టరీని ఎవరు అడుగుతారని అడిగినప్పుడు మాత్రం, ఆ బండల మీద కూర్చున్నవాళ్ళలో సగంమంది తమ చేతులు చూసుకున్నారు. సోమవారం పొద్దున ఆరింటికి వాళ్ళందరూ అక్కడే నిలబడాలి. మూడో మిషను దగ్గర ఇంకొకరు నిలబడ్డారు.

చిన్నాయన ఇల్లు బడి గోడకు ఎదురుగానే, సందు ఇవతల ఉంది. వాకిట్లో బండ మీద కూర్చుంటే బడి చివరి గంట చప్పుళ్ళన్నీ వినిపిస్తాయి. ఆ గంటను నేనే నడిపాను, స్టాప్‌వాచ్‌తో, చిన్న ఇత్తడి గంటతో, ఒక్క సెకండు తేడా రాకుండా. పిల్లలు ఆడారు. పదిరోజుల తర్వాత గొంతుపిల్ల, "నీ గడియారం గమ్మున ఉంటాది టీచర్. యాడ ఆగాల్నో లోపల తెలీదు" అంది. ఆ సాయంత్రం బడి వదిలాక చూస్తే నూలుబంతుల సంచి కనిపించలేదు. సందులోకి వెళ్ళేసరికి ఆ పిల్ల, వెనక ఏడెనిమిదిమంది, చిన్నాయన వాకిటికి దూరంగా నిలబడి ఉన్నారు. చిన్నమ్మ బట్టలారేసే తాడు వాళ్ళ మధ్య వలలాగా ఉంది.

"సార్, మేం దగ్గరికి రాంలే, ఈడనే ఉంటాం. నువ్వు కూత పెట్టు. ఎంతుంటే అంతే ఆట."

ఆయన నా వైపు చూశాడు. "లాయరమ్మా, నీ రూలు ఒప్పుకుంటాదా?"

ఒప్పుకుంటుందన్నట్టు తల ఊపాను. చిన్నమ్మ ఆయన వీపు వెనక చెయ్యి పెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకున్నాడు. "గుడు. గుడు. గుడు. గుడు." అంతే. ఒక్కొక్కరూ ఒక్కొక్క బంతి తాడు మీదుగా వేయడానికి మాత్రమే సరిపోయింది. అందరూ టక్కున బొమ్మలయ్యారు. "మేమే గెలిచినాం!" అని గొంతుపిల్ల అరిచింది. "మోసం! నా చేతిలో ఇంగో బంతి ఉండె, సార్ తొందరగా ఇడిసిపెట్టినాడు!" అని అటువైపు నుంచి ఒకడు అరిచాడు. మోసం అన్న ఆ మాట విని చిన్నాయన ముఖం వెలిగింది. అంత సంతోషంగా నేను ఆయన్ను చూడలేదు. అట్లా మూడు ఆటలు ఆడారు. మూడో ఆటలో కూత రెండు 'గుడు'లకు వచ్చింది. ఆ మూడు ఆటలూ మొత్తం కలిపినా మొదటిరోజు కూతలో సగం ఉండవు. నేను గడియారం నొక్కలేదు గనుక కచ్చితంగా చెప్పలేను.

ఆ సంగతి సందు దాటి ఇళ్ళకు చేరింది. మరునాడు ఎవరూ రాలేదు. గొంతుపిల్ల రెండు రోజులు బడికే రాలేదు. ఆ రెండు రోజులూ చిన్నాయన సాయంత్రం ఉతికిన చొక్కా వేసుకుని వాకిట్లో కూర్చున్నాడు. జొన్న కంకి పట్టే వేళకు పోయాడు. సమాధి దగ్గర పెట్టడానికి ఫ్యాక్టరీవాళ్ళు మెరుగుపెట్టిన బండ ఒకటి పంపారు. దాన్ని ట్రాక్టరు మీద తెచ్చి దించినవాడు గొంతుపిల్ల తండ్రి. దించి, గోడకు ఆనుకుని, చాలాసేపు దగ్గాడు. వెంట వచ్చిన గొంతుపిల్ల ఆయన వీపు నిమురుతూ నిలబడి, పెదవులు కదిలిస్తూ దగ్గుకూ దగ్గుకూ మధ్య లెక్కపెట్టుకుంటోంది.

నిన్న మా వేంపల్లె బడిలో ఆ కొత్త వల కట్టాం. ఈల ఎక్కడ టీచర్ అని పిల్లలు అడిగారు. వల కట్టిన గుంజను ఒక చేత్తో పట్టుకుని ఊపిరి తీసుకున్నాను. నా కూత పొడుగ్గానే వచ్చింది, పిల్లలు అలసిపోయేదాకా వచ్చింది, అది ఆగేదాకా నాకు ఆయన గొంతు మాత్రమే వినిపించింది. కాలం గడియారంలో ఉంటుందని నేను చాలాకాలం వాదించాను. అది ఎవరో ఒక మనిషి ఊపిరిలోంచి ఖర్చవుతూ ఉంటుందని తెలిసేసరికి, ఆ మనిషి దగ్గర నాకోసం రెండు 'గుడు'లు మాత్రమే మిగిలాయి.